చెత్త పాఠానికి 340 రూపాయల థర్మకోల్

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో, జిల్లా పేజీలో ఒక ఫొటో వచ్చింది. బడిపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, చేతులకు గ్లౌజులు, చేతుల్లో చీపుర్లు, వెనకాల స్వచ్ఛత మీద పెద్ద ఫ్లెక్సీ. చీపుర్లన్నీ కొత్తవే, రెండు మూడింటికి పైన చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. పిల్లలందరూ కెమెరా వైపే చూస్తున్నారు, నేల వైపు చూసేవాళ్లు ఒక్కరూ లేరు. నేను 31 ఏళ్లు సర్కారు బడుల్లో పరిసరాల విజ్ఞానం, సైన్సు చెప్పి రిటైరైన టీచర్ని. ఇలాంటి ఫొటోలు నేనూ చాలా తీయించాను, కాబట్టి ఎవర్నో తప్పుపట్టాలని కాదు, అందులో నా వాటా నాకుందని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, చోటున్నంత వేసుకోండి.

మా మనవడు ఐదో తరగతి, ప్రైవేటు బడి. ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి అన్నం తింటూ తింటూ "రేపు చెత్త ప్రాజెక్టు ఇవ్వాలి" అన్నాడు. బడిలో చెప్పి వారమైందట, వీడు మర్చిపోయాడు. మా అబ్బాయి కంచం అలాగే వదిలేసి బండి తీసుకుని స్టేషనరీ షాపుకు పరుగెత్తాడు. ఆ షాపాయనకు ఇలాంటి తండ్రులు అలవాటే కాబోలు, చెత్త ప్రాజెక్టు అనగానే అన్నీ తీసి బల్ల మీద పెట్టాడట. రెండు థర్మకోల్ షీట్లు, ఆకుపచ్చ రంగు, మెరుపుల పొడి, గమ్ము, గుండుసూదులు, అరడజను ప్లాస్టిక్ చెట్లు, ఆఖరికి బొటనవేలంత చెత్తబుట్టలు కూడా, పచ్చది ఒకటి, నీలంది ఒకటి. మొత్తం 340 రూపాయలు. మా కోడలు రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని 'చెత్త లేని గ్రామం' కట్టింది. మనవడు తొమ్మిదింటికే నిద్రపోయాడు. ప్రాజెక్టుకు ఏ ప్లస్ వచ్చింది, కోడలికి నడుంనొప్పి వచ్చింది.

మూడు వారాల తర్వాత, పెట్టుకోవడానికి చోటు లేదని దాన్ని బడివాళ్లు ఇంటికి పంపించేశారు. ఫ్రిజ్ మీద నాలుగు రోజులుంది, బాల్కనీలో పది రోజులుంది, ఆ తర్వాత మా మనవరాలి చేతికి చిక్కింది. దానికి ఏడాదిన్నర. ఇల్లంతా తెల్ల గింజలు. చీపురుకు రావు, చేటలోకి ఎక్కవు, ఫ్యాను వేస్తే గదంతా ఎగురుతాయి. వాటిని ఏరుతూ మనవడు అడిగాడు, "నానమ్మా, వీటిని ఏ బుట్టలో వెయ్యాలి?" అని. అన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, నా దగ్గర జవాబు లేదు. అలంకరణకు వాడే థర్మకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలతో పాటు. బడి ప్రాజెక్టు అలంకరణ కిందికి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు గాక, మా ఇంట్లో గింజలు మాత్రం ఇప్పటికీ సోఫా కింద దొరుకుతున్నాయి.

ఇంకొకటి, 'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్' పోటీ అని పెడతారు. పారేసే వస్తువుతో పనికొచ్చే వస్తువు చెయ్యాలి, మంచి ఆలోచనే. కానీ మా వీధిలో ఒకావిడ దానికోసం వంద పేపర్ కప్పుల ప్యాకెట్ కొత్తది కొనుక్కొచ్చింది. మా ఇంట్లో తక్కువ తిన్నామా, సీసా ఖాళీ కావాలని రెండు లీటర్ల కూల్‌డ్రింకు కొని, నలుగురం మంచినీళ్లు తాగినట్టు తాగాం. పిల్లలు అమాయకంగా చూస్తారనుకుంటాం గానీ వాళ్లకు అన్నీ అర్థమవుతాయి. చెత్త అనేది కూడా కొనుక్కునే వస్తువే అని మా మనవడికి ఆరోజు అర్థమై ఉంటుంది.

పిల్లలకు చెప్పడం లేదు, పుస్తకాల్లో పెట్టడం లేదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది, 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. పుస్తకాలు వచ్చాయి, మార్కులు వచ్చాయి. తడి చెత్త అంటే ఏమిటి, పొడి చెత్త అంటే ఏమిటి, రీసైకిల్ అంటే ఏమిటి, ఏ పిల్లవాడిని లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. చెప్పి కూర్చుంటాడు, కూర్చుని చాక్లెట్ కాగితం బెంచీ సందులో దోపుతాడు. తెలియక కాదు. పాఠం నోటికి వచ్చింది, చేతికి రాలేదు. ఈత గురించి పదేళ్లు చదివిన పిల్లవాడిని బావిలోకి తోస్తే ఏమవుతాడు, ఇదీ అంతే.

మేముండేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో. దమ్మాయిగూడ, నాగారం, కాప్రా వైపు ఉండేవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు, సాయంత్రం గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు వేసుకోవాల్సిందే. హైదరాబాద్ రోజూ పారేసే చెత్త, సుమారు 7 వేల టన్నులు, ఎక్కువ భాగం ఇక్కడికే చేరుతుంది. ఏళ్ల తరబడి పోసిన పాత చెత్త 1.2 కోట్ల టన్నుల దాకా గుట్టై కూర్చుంటే దాని మీద షీట్లు, మట్టి పరిచి, పైన గడ్డి మొలిపించి కప్పారు. 2020లో అక్కడే చెత్తను మండించి కరెంటు తీసే ప్లాంటు, 19.8 మెగావాట్లది, మొదలైంది. ఇవన్నీ చేశారు, చెయ్యలేదని అనను. కానీ చెత్తలోంచి ఊరే నల్లటి నీళ్లున్నాయే, లీచేట్ అంటారు, అది దిగి పక్కనున్న మల్కారం చెరువు పాడైపోయింది. మనం ఇంట్లో అన్నం మెతుకులూ, పేపర్లూ, బ్యాటరీలూ ఒకే కవర్లో ముడేసి పంపితే ఆ ఊటలో అన్నీ కలుస్తాయి. ఇక మండించే సంగతి అంటారా, మన చెత్తలో దగ్గర దగ్గర సగం తడి చెత్తే, దాన్ని తీసుకెళ్లి మండించడమంటే వానాకాలం తడి కట్టెలతో పొయ్యి రాజెయ్యడమే. కట్టెలపొయ్యి ఊదినవాళ్లెవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది.

మా మనవడికి చెత్త ఎక్కడికి పోతుందో తెలుసా అని అడిగాను. "చెత్త ఆఫీసుకు" అన్నాడు. వాడి దృష్టిలో చెత్త ఆటో వస్తుంది, పోతుంది, అక్కడితో చెత్త అయిపోతుంది. నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే నా దృష్టి కూడా చాలా ఏళ్లు అంతే. ఒక ఆదివారం మా అబ్బాయి బండి మీద ముగ్గురం వెళ్లి రోడ్డు మీద నుంచే ఆ గుట్ట చూపించాం. ముగ్గురు బండెక్కడం తప్పే, ఆ పాఠం మళ్లీ ఇంకోసారి. దూరంగా పచ్చటి గడ్డి చూసి వాడు "పార్కా నానమ్మా?" అన్నాడు. కాదురా, దాని లోపల మనందరి చెత్త ఉంది, నువ్వు పుట్టకముందు మీ నాన్న తిన్న బిస్కెట్ల కవర్లు కూడా ఉండొచ్చు అన్నాను. అప్పుడు నమ్మలేదు. గాలి ఇటు తిరిగాక నమ్మాడు. అయిదు నిమిషాలు, చేత్తో ముక్కు మూసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా చూశాడు. నేను బ్లాక్‌బోర్డు మీద 31 ఏళ్లు గీసిన చెత్తబుట్ట బొమ్మలన్నీ కలిపినా ఆ అయిదు నిమిషాల పాటి చెయ్యవు.

ఇంటికొచ్చాక వాడే అడిగాడు, మన ఇంట్లోంచి అక్కడికి ఎంత పోతుంది అని. అది నాకు దొరికిన పట్టు. మా అబ్బాయి అమెరికా వెళ్లినప్పుడు సూట్‌కేసు తూచడానికి కొన్న కొక్కెం కాటా ఒకటి బీరువాలో పడి ఉంది, దాన్ని తీసి వాడి చేతికిచ్చాను. రోజూ పొద్దున ఆటో రాకముందు మూడు కవర్లు విడివిడిగా తూచాలి, పాత డైరీలో రాయాలి, ఏడు రోజులు. మొదటి రోజు కోడలు మొహం అదోలా పెట్టింది. మూడో రోజు నుంచి ఆవిడే "ఈరోజు ఎంత వచ్చిందిరా" అని అడగడం మొదలుపెట్టింది. వారానికి లెక్క తేలింది. తడి చెత్త 6 కిలోల 800 గ్రాములు, పొడిది కిలో 900, పసిదాని డైపర్లు 2 కిలోల 600. మొత్తం 11 కిలోల 300 గ్రాములు, అయిదుగురు మనుషులకు. దాన్ని 52తో గుణించమన్నాను, 587 కిలోల చిల్లర వచ్చింది. వాడు కాసేపు ఆలోచించి, "నాన్న 78 కిలోలు కదా, అంటే మనం సంవత్సరానికి ఏడున్నర మంది నాన్నల్ని పారేస్తున్నాం" అన్నాడు. మా అబ్బాయి పేపర్ చదువుతున్నవాడు తలెత్తి చూశాడు. తర్వాత వాడే నగరం లెక్క కూడా వేశాడు, పది టన్నుల లారీలయితే రోజుకు 700 లారీలని. గుణకారం, భాగహారం, దశాంశాలు, కిలోలు టన్నులు, అన్నీ వచ్చేశాయి, ట్యూషన్ అక్కర్లేకుండా.

నాకు అందులో తగిలింది డైపర్ల లెక్క. నా ముగ్గురు పిల్లలూ పాత చీర గుడ్డల మీద పెరిగారు. అలాగని కోడల్ని ఉతకమని చెప్పే మొహం నాకు లేదు, ఆవిడ ఉద్యోగం చేస్తుంది, నాకు మోకాళ్లు వంగవు. ఇప్పుడు పగలు ఇంట్లో ఉన్నప్పుడు గుడ్డలు, రాత్రీ ప్రయాణాల్లో డైపర్లు అని ఒప్పందానికి వచ్చాం. గుడ్డలు ఉతకడం మా అబ్బాయి వంతు. వాడికి ఆ లెక్కల డైరీ చూపిస్తే తప్ప ఈ ఒప్పందం కుదిరేది కాదు.

నా చిన్నప్పుడు సూర్యాపేట దగ్గర పల్లెలో మాకు చెత్త అనే మాటే పెద్దగా వాడుకలో లేదు. కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన గంజి గోలెంలో పోస్తే కుడితి, అది బర్రెకు. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి. పేడ, గడ్డీగాదం పెంటకుప్ప మీదికి, ఎండాకాలం బండ్లు కట్టి ఆ పెంట చేలకు తోలేవాళ్లు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. తెగిన చెప్పులు, ఇనుప ముక్కలు పిల్లలం దాచిపెట్టి, పుల్ల ఐసు బండి వచ్చినప్పుడు ఇచ్చి ఐసు కొనుక్కునేవాళ్లం. పెళ్లిలో మోదుగాకు విస్తర్లు. ఇప్పటి పిల్లలకు 'సేంద్రియ వ్యర్థం' అని నేర్పిస్తున్నాం, 'కుడితి' అనే మాట మాత్రం మా మనవడికి తెలియదు. పోనీ ఆ రోజులే బంగారం అంటానా అంటే అదీ అనను. ఆ పెంటకుప్పల మీద ఈగలు ఎలా ముసిరేవో నాకు గుర్తుంది, వాటిని చేతులతో ఎత్తిపోసింది ఎవరో, ఏ వాడ నుంచి వచ్చేవాళ్లో కూడా గుర్తుంది.

అక్కడికే వస్తున్నాను. ఈ సంగతి ఎవరూ రాయరు గాబట్టి నేను రాస్తాను. పిల్లల చేత బడి ఊడిపించడం మంచిదని, జపాన్‌లో పిల్లలే తరగతి గదులు శుభ్రం చేస్తారని వాట్సాప్‌లో రోజూ ఒకరు పంపుతారు. నిజమే, చేస్తారు. కానీ మన దగ్గర చీపురు అంటే ఉత్త చీపురు కాదు. నేను పనిచేసిన ఒక బడిలో పొద్దున్నే రాగానే నలుగురు పిల్లల్ని పిలిచి వరండా ఊడవమనేదాన్ని. చురుకైన పిల్లలు, చెప్పిన పని చేస్తారు, అందుకే పిలుస్తున్నాననుకునేదాన్ని. ఒకరోజు ఏడో తరగతి పిల్ల ఒకతి చీపురు చేతిలో పట్టుకుని, కోపంగా కూడా కాదు, మామూలుగా అడిగింది, "టీచర్, ఎప్పుడూ మా వాడోళ్లనే ఎందుకు పిలుస్తరు?" అని. నేను ఆ నలుగురి మొహాలు చూశాను. నలుగురూ ఒకే వాడ. నేను కావాలని ఏరలేదు, ఆ మాట ఒట్టేసి చెబుతాను, కానీ నా నోట వచ్చిన పేర్లు మాత్రం అవే. ఆ మర్నాటి నుంచి హాజరు పట్టీలో నంబరు ప్రకారం, రోజుకు ఆరుగురు, ఆడా మగా కలిపి, నాతో మొదలుపెట్టి. రెండో రోజే ఒక తండ్రి వచ్చాడు, "మా పిల్లగాని చేత చెత్త ఎత్తిస్తరా" అని. ఆయనకు పక్కింటి పిల్ల రోజూ ఊడ్చినప్పుడు అభ్యంతరం లేదు. ఆయనతో గట్టిగా వాదించాను, హెడ్‌మాస్టరు గారు నా వైపే నిలబడ్డారు, అది వేరే సంగతి. ఏ బడిలోనైనా చెత్త పాఠం మొదలుపెట్టాలంటే ముందు ఆ బడిలో చీపురు ఎవరి చేతిలో ఉందో, మరుగుదొడ్లు ఎవరి చేత కడిగిస్తున్నారో చూడండి. అది సరిచెయ్యకుండా మిగతాది ఎంత చెప్పినా, ఎత్తేవాళ్లు వేరే ఉన్నారు, వేసేవాళ్లం మనం అనేదే పిల్లలు నేర్చుకుంటారు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. శనివారం మధ్యాహ్నం బడి వెనక గోడ దగ్గర కాగితాలూ ఆకులూ కవర్లూ కలిపి పిల్లల చేతే కుప్ప పోయించి అగ్గిపుల్ల గీయించేదాన్ని. శుభ్రంగా ఉందనిపించేది. పొగ పిల్లల కళ్లలోకి పోతుంటే పక్కకు జరగమనేదాన్ని. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను బయట కాల్చకూడదన్నాయి, అదే ఏడాది డిసెంబరులో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ కాలిస్తే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని కూడా చెప్పింది. నిబంధన రాకముందు కూడా ప్లాస్టిక్ పొగ మంచిది కాదని సైన్సు టీచర్‌గా నాకు తెలుసు. అయినా కాల్పించాను. ఇప్పటికీ పొద్దున వాకింగ్‌కు వెళితే కనీసం రెండు చోట్ల కుప్పలు కాలుతూ కనిపిస్తాయి, పక్కనే స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలు ఆ పొగ పీలుస్తూ ఉంటారు.

2015లో మా నగరంలో తడి చెత్తకు పచ్చవి, పొడి చెత్తకు నీలంవి బుట్టలు పంచారు, ఇంటికి రెండు చొప్పున, 22 లక్షల ఇళ్లకు 44 లక్షలు. మా నీలం బుట్టలో ఉల్లిగడ్డలున్నాయి. పచ్చ బుట్ట చాలా కాలం బాత్రూంలో నీళ్లకు వాడాం. మా కాలనీలో ఎవరింట్లోకి వెళ్లి చూసినా ఇదే కథ, ఒకాయన అందులో తులసి మొక్క పెట్టాడు. బుట్ట మంచిది, గట్టిది, చెత్త వెయ్యడానికి మనసొప్పలేదు. గుంటూరులో ఉండే మా చెల్లెలు వాళ్లకు 2021లో మూడు రంగులు ఇచ్చారు, ఎరుపు కూడా. అక్కడ బుట్టల గురించి కాకుండా చెత్త పన్ను గురించి గొడవ అయి, ప్రభుత్వం మారాక ఆ పన్నూ పోయింది. ఇప్పుడు 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని చేస్తున్నారు, బడుల్లో ప్రతిజ్ఞ చేయిస్తున్నారట. నెలకు ఒక శనివారం. మిగతా రోజుల్లో కూడా పిల్లలు అరటిపండ్లు తింటారు కదా.

సూర్యాపేటను మాత్రం చెప్పకుండా ఉండలేను, మా ఊరు కాబట్టి కూడా అనుకోండి. 2000 తర్వాత తొలి ఏళ్లలోనే అక్కడ వీధుల్లో చెత్తకుండీలే లేకుండా చేసి, ఇంటింటికీ ట్రాక్టరు పంపి, తడి పొడి వేరుగా తీసుకుని, తడిదాన్ని ఎరువు చేసి చూపించారు. దేశం నలుమూలల నుంచీ వచ్చి చూసిపోయారు. అప్పటికి స్వచ్ఛ భారత్ లేదు, యాప్ లేదు, బ్రాండ్ అంబాసిడర్లు లేరు. మధ్యరకం ఊరు, మామూలు మున్సిపాలిటీ. ఆ రోజుల్లో చిన్నపిల్లలుగా ఉండి రెండు బుట్టలు పట్టుకుని ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తినవాళ్లు ఇప్పుడు ముప్పయ్యేళ్లవాళ్లు, తల్లులూ తండ్రులూ. వాళ్లలో ఒకమ్మాయి నా పాత స్టూడెంటు, ఇప్పుడు మా వైపే అపార్ట్‌మెంటులో ఉంటుంది. వాళ్లింట్లో ఇప్పటికీ రెండు బుట్టలే. ఎవరి కోసం చేస్తున్నావే, కింద సెక్యూరిటీ అంతా కలిపేస్తాడేమో అంటే, "కలిపితే చెయ్యి ఊరుకోదు టీచర్" అంది. అన్నేళ్ల తర్వాత కూడా ఆ అమ్మాయి చేతికి అలవాటు పోలేదు.

మా వీధికి వచ్చే ఆటో అబ్బాయిని ఒకరోజు ఆపి మనవడి చేత మాట్లాడించాను. ఆయన భార్య వెనక నిలబడి కవర్లు విప్పుతుంది, చేతులతోనే, సీసాలు, అట్టలు వేరు చేసుకుని అమ్ముకుంటే వచ్చేదే వాళ్లకు కాస్త ఆధారం. ఆమె చేతికి అడ్డంగా పాత కోత మచ్చ ఉంది. "పగిలిన గలాస బాబూ, కవర్ల కనబడదు గదా" అంది వాడితో. ఎవరింటిది అని వాడు అడిగాడు. ఆమె నవ్వి, అందరిదీ అంది. ఆ సాయంత్రం ఇంట్లో ఒక గాజు గ్లాసు పగిలితే మనవడు ముక్కలన్నీ నాలుగు మడతల పేపర్లో చుట్టి, టేపు వేసి, పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో 'గాజు' అని రాశాడు. ఆమెకు చదువు రాదేమో అని తనే మళ్లీ ఆలోచించి, కింద పగిలిన గ్లాసు బొమ్మ గీశాడు. ఈ సంగతి ఏ క్లాసు పుస్తకంలో ఉందో నాకు గుర్తు లేదు. బ్లేళ్లు, ఇంజెక్షన్ సూదులు, ప్యాడ్లు, డైపర్లు, వీటిని విడిగా చుట్టి ఇవ్వాలని పిల్లలకు చెప్పడానికి మనకు సిగ్గు. ఎత్తే ఆమెకు ఆ సిగ్గు పడే వీలు కూడా లేదు.

తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చెయ్యడానికి చిల్లుల బకెట్ పెట్టాం. మొదటి పదిహేను రోజులు ఘోరం, కంపు కొట్టింది, తెల్ల పురుగులు వచ్చాయి, కోడలు "అత్తయ్యా, నా వల్ల కాదు" అంది. తడి ఎక్కువైందని తర్వాత తెలిసింది, ఎండుటాకులు, కొబ్బరి పీచు పొరలుగా వేసి, రెండు రోజులకోసారి కలియబెట్టి, పుల్ల మజ్జిగ కాస్త చల్లితే కంపు పోయింది. మాంసం, ఎముకలు వెయ్యలేదు. రెండు నెలలకు అడుగున నల్లగా, వాన పడ్డప్పుడు మట్టి వాసన వస్తుందే, ఆ వాసనతో ఎరువు తయారైంది. రోజూ దాదాపు కిలో చెత్త వేస్తే బకెట్‌కు పావు కూడా మిగల్లేదు. మిగతాది ఏమైంది నానమ్మా అని అడిగాడు, అదీ పెద్ద పాఠమే, నీరు ఆవిరవడం, సూక్ష్మజీవులు, గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్, గాలి తగలకుండా గుట్టల్లో కుళ్లితే మీథేన్. నేను రిటైరయ్యాక చెప్పిన మంచి క్లాసు అదే.

బడులకు నేను చెప్పగలిగింది కూడా ఇలాంటిదే. ఒక వారం మధ్యాహ్న భోజనం తర్వాత మిగిలినదంతా తూచండి, బోర్డు మీద రాయండి. ప్రాజెక్టు అంటే కొన్న వస్తువు తెస్తే సున్నా మార్కులని చెప్పండి, షాపాయన నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. ఊళ్లల్లో అయితే పంచాయతీకో డంపింగ్ యార్డు, ట్రాక్టరు ఇచ్చారు తెలంగాణలో, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి, అది నడుస్తుంటే నేర్చుకుంటారు, తాళం వేసి ఉంటే సర్పంచును అడగడం నేర్చుకుంటారు. మీ పేపరుకు కూడా ఒక మాట, చీపురు పట్టుకున్న ఫొటో పంపితే వేసేస్తున్నారు, నెల తర్వాత అదే చోటు ఫొటో కూడా పంపమని అడగండి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఇంకా మనవడికి జవాబు చెప్పలేదు. పొడి చెత్తలో పేపర్లు, అట్టలు, సీసాలు పాత సామాన్ల అబ్బాయి తీసుకున్నాడు. చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు మాత్రం వద్దన్నాడు. లోపల వెండిలా మెరిసేది ఉంటుంది చూడండి, ప్లాస్టిక్, లోహపు పొర అంటుకుపోయి ఉంటాయి, వాటిని విడదీసి మళ్లీ వాడటం చాలా కష్టం, దాదాపు ఎవరూ కొనరు. అలాంటివి అమ్మే కంపెనీలే వాటిని తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని 2016 ప్లాస్టిక్ నిబంధనల్లో ఉందని వాడికి చెప్పాను, చెప్పకపోయినా బాగుండేది. అప్పట్నుంచి ప్రతి ప్యాకెట్‌నీ కడిగి, ఆరబెట్టి, ఒక గోనెసంచిలో వేస్తున్నాడు. నెలకు 61 అయ్యాయి, అందులో సగం వాడు తిన్నవే, అది వాడే ఒప్పుకున్నాడు. ప్యాకెట్ వెనక కంపెనీ అడ్రసు ఉంటుంది కదా, సంచి మొత్తం వాళ్లకే పోస్టులో పంపిద్దాం, ఎంతవుతుందో కనుక్కో నానమ్మా అంటున్నాడు. కాటా తెచ్చి తూచాడు కూడా, 300 గ్రాములు కూడా లేదు. సోమవారం పోస్టాఫీసుకు వెళ్లాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా.